ఏ ఆత్మకూరు? ఏ శుభ్రం? – బిల్డ్ ఫైళ్లలో పేర్ల గొడవ

నంద్యాల బస్టాండులో నిలబడి "ఆత్మకూరు బస్సు యాడ నిలబడుతుందప్పా?" అని అడిగితే ఎవ్వరూ "ఏ ఆత్మకూరు?" అని ఎదురు అడగరు. శ్రీశైలం దోవలో ఉండే ఆత్మకూరే అని అందరికీ తెలుసు. అదే మాట నెల్లూరు బస్టాండులో అడిగితే సోమశిల వైపు ఉండే ఇంకో ఆత్మకూరు బస్సు చూపిస్తారు. అనంతపురంలో అడిగితే మూడో ఆత్మకూరు. మూడు చోట్లా చెప్పినవాళ్లు కరెక్టే, మూడు బస్సులూ కరెక్టే. కానీ ముగ్గురు ప్రయాణికులను తెచ్చి ఒకే బస్సులో కూర్చోబెట్టి, "అందరూ ఆత్మకూరే కదా" అని బండి కదిలిస్తే ఏమవుతుంది? ఇద్దరు వాళ్లది కాని ఊర్లో దిగుతారు. టికెట్ మీద మాత్రం ఊరి పేరు సరిగ్గానే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలును ఇంకో ఫైలులోకి ఇంపోర్ట్ చేసినప్పుడు జరిగేది ఇదే. విడివిడిగా ఉన్నప్పుడు గొడవలేని పేర్లు, ఒక్కచోటికి రాగానే గుద్దుకుంటాయి. మినీ ప్రాజెక్టులో నలుగురు నాలుగు మాడ్యూల్స్ రాసి, సబ్మిషన్ ముందు రోజు రాత్రి కలిపే మనకు ఈ పాఠం బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇక్కడ వచ్చే చిక్కు ఎర్ర అక్షరాల ఎర్రర్‌గా రాదు. "బిల్డ్ సక్సెస్‌ఫుల్" అని చెప్పి మరీ వస్తుంది.

1. మొదట రెండు మాటలు: బిల్డ్ టూల్, టార్గెట్

కంపైల్ చేయడం, టెస్టులు నడపడం, జార్ ఫైలు కట్టడం, పాత చెత్త తీసేయడం – ఈ పనులన్నీ రోజూ చేత్తో చేయకుండా ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే, దాన్ని చదివి చేసిపెట్టేది బిల్డ్ టూల్. వీటిలో బాగా పాతది మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. జావా కోసం వచ్చింది ఆంట్. జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ దాన్ని టామ్‌క్యాట్ పనిలో భాగంగా రాసుకున్నాడు. 2000 సంవత్సరంలో అది విడిగా విడుదలైంది.

ఇప్పుడు మావెన్, గ్రేడిల్ ఉండగా ఆంట్ ఎందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి, నెట్‌బీన్స్‌లో ఆంట్ రకం జావా ప్రాజెక్టు మొదలుపెడితే లోపల నడిచేది ఇదే, మనం చూడకపోయినా. రెండు, పేర్లు గుద్దుకున్నప్పుడు చేయదగ్గ రెండు పనులకూ ఆంట్‌లో రెండు వేర్వేరు ట్యాగులు ఉన్నాయి: ఇంపోర్ట్, ఇన్‌క్లూడ్. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటగా అర్థమవుతుంది. తర్వాత ఏ టూల్‌కి పోయినా అదే ఆలోచన పనికొస్తుంది.

ఆంట్ ఫైలులో ఒక్కో పనికి ఒక పేరు పెడతాం. దాన్నే టార్గెట్ అంటారు. ఒక టార్గెట్ "నాకంటే ముందు ఫలానావి జరగాలి" అని చెప్పుకోవచ్చు, దానికి డిపెండ్స్ అనే మాట వాడతాం. మన క్లబ్బు వాళ్లకు సంతోషం కలిగించే సంగతి ఒకటి: టార్గెట్ పేరు ఇంగ్లీషులోనే ఉండాలన్న రూలు లేదు. ఎక్స్ఎంఎల్ ఫైలు యూటీఎఫ్-8లో ఉంటే చాలు, తెలుగులో పెట్టుకోవచ్చు. అందుకే ఈ పాఠంలో టార్గెట్ల పేర్లు తెలుగులోనే పెడుతున్నా.

2. మన ఉదాహరణ

కాలేజీ లైబ్రరీ కోసం ఒక ప్రాజెక్టు అనుకుందాం. మూడు బిల్డ్ ఫైళ్లు, మూడు ఫోల్డర్లలో.

మెయిన్ ఫైలు. ప్రాజెక్టు పేరు: గ్రంథాలయం.
– మొదట "బాకీలు" ఫైలును ఇంపోర్ట్ చేస్తుంది.
– తర్వాత "సభ్యులు" ఫైలును ఇంపోర్ట్ చేస్తుంది.
– సొంతంగా "శుభ్రం" అనే టార్గెట్ లేదు.

బాకీలు ఫైలు. ప్రాజెక్టు పేరు: బాకీలు.
– శుభ్రం: "డేటా" ఫోల్డరు తీసేస్తుంది. ఆ మాడ్యూల్‌లో డేటా అంటే టెస్టు కోసం పుట్టించిన ఉత్తుత్తి వరుసలు మాత్రమే.

సభ్యులు ఫైలు. ప్రాజెక్టు పేరు: సభ్యులు.
– శుభ్రం: "తాత్కాలికం" ఫోల్డరు తీసేస్తుంది.
– కంపైల్: జావా ఫైళ్లను కంపైల్ చేస్తుంది.
– పూర్తిబిల్డ్: డిపెండ్స్ శుభ్రం, కంపైల్.

ఇంకొక్క సంగతి. మెయిన్ ఫోల్డరులో కూడా "డేటా" అనే ఫోల్డరు ఉంది. అందులో ఉన్నవి ఉత్తుత్తివి కావు. లైబ్రరీ రిజిస్టరు ముందు పెట్టుకుని వారం రోజులు కూర్చుని టైప్ చేసిన అసలు వివరాలు. సైజు ఎక్కువని దాన్ని గిట్‌లో కూడా పెట్టలేదు.

ఇప్పుడు మెయిన్ ఫోల్డరులో నిలబడి "ఆంట్ శుభ్రం" అని కొట్టారు. ఏం జరుగుతుంది? ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మీ జవాబు ఒక కాగితం మీద రాసుకుని కింద చదవండి.

3. జరిగేది

మొదటి మెట్టు: "శుభ్రం" అనే పేరు మెయిన్ ఫైలులో ఉందా అని ఆంట్ చూస్తుంది. మెయిన్‌లో ఉంటే అదే గెలుస్తుంది, ఇంపోర్ట్ ట్యాగు పైన ఉన్నా కింద ఉన్నా. ఇక్కడ మెయిన్‌లో లేదు.

రెండో మెట్టు: ఇంపోర్ట్ అయినవాటిలో రెండు "శుభ్రం"లు ఉన్నాయి. ముందు వచ్చినదానికి ఆ పేరు దక్కుతుంది. బాకీలు ముందు వచ్చింది కాబట్టి "శుభ్రం" అంటే ఇక బాకీలు వాళ్ల శుభ్రమే. తర్వాత వచ్చిన సభ్యుల శుభ్రం పోలేదు. "సభ్యులు.శుభ్రం" అని ఇంటిపేరుతో పిలిస్తే పలుకుతుంది. కానీ ఉత్త పేరు మాత్రం దానిది కాదు.

మూడో మెట్టు: బాకీలు వాళ్ల శుభ్రం "డేటా" ఫోల్డరు తీసేయమంటుంది. ఏ డేటా? ఆ ఫైలు ఉన్న ఫోల్డరులోది కాదు. ఇంపోర్ట్ అయిన ఫైలు తనకంటూ రాసుకున్న బేస్ డైరెక్టరీని ఆంట్ పట్టించుకోదు. రిలేటివ్ పాత్‌లన్నీ మెయిన్ ఫైలు బేస్ డైరెక్టరీ నుంచే లెక్కపెడుతుంది. అంటే పోయేది అసలు డేటా. ఆంట్ డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు.

చివరి మెట్టు: "బిల్డ్ సక్సెస్‌ఫుల్".

గమనించారా, ఈ ముగ్గురిలో ఎవరి ఫైలూ తప్పు కాదు. విడిగా నడిపితే ప్రతిదీ సరిగ్గా పనిచేస్తుంది. కలిపినప్పుడే తేడా వచ్చింది. ఒకే ఫైలులో రెండు శుభ్రాలు రాసి ఉంటే ఆంట్ "డూప్లికేట్ టార్గెట్" అని అక్కడే ఆపేసి ఉండేది. వేరువేరు ఫైళ్ల నుంచి వస్తే ఆపదు. ఎందుకంటే ఇంపోర్ట్‌లో అదొక సదుపాయం, లోపం కాదు. ఆ సదుపాయం ఏంటో తర్వాత చూద్దాం.

ఇంకో ఉప చిక్కు కూడా ఉంది. సభ్యులు ఫైలులోని "పూర్తిబిల్డ్" చూడండి. దాని డిపెండ్స్‌లో "శుభ్రం" అని ఉంది. రాసినవాడి మనసులో ఉన్నది తన శుభ్రం. కానీ ఇంపోర్ట్ చేసినప్పుడు డిపెండ్స్‌లోని పేర్లు మారవు, ఉత్త పేర్లుగానే ఉంటాయి. కాబట్టి పూర్తిబిల్డ్ నడిపినా బాకీలు వాళ్ల శుభ్రమే నడుస్తుంది. తన ఫైలులో ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం మారిపోయింది.

4. మన ఊర్లు, మన మనుషులు దీన్ని ఎలా సర్దుకున్నారు?

పేర్లు కలవడం మనకు కొత్త కాదు. తెలంగాణలో ఆత్మకూర్‌లు ఎక్కువై ఆత్మకూర్ ఎస్, ఆత్మకూర్ ఎం అని వెనక అక్షరం తగిలించారు. మాడుగులలు రెండయ్యాయి కాబట్టి ఒకటి గంగరాజు మాడుగుల, జి.మాడుగుల అయింది. కొత్తపల్లి లేని జిల్లా ఉందా? అందుకే కాకినాడ వైపుది ఉప్పాడ కొత్తపల్లి, యు.కొత్తపల్లి. మా నంద్యాల జిల్లాలో కూడా ఒక కొత్తపల్లె మండలం ఉంది.

మనుషుల సంగతి ఇంకా బాగుంటుంది. నరసింహారెడ్డీ అని గట్టిగా పిలిస్తే మా కోయిలకుంట్ల చుట్టుపక్కల ఏ ఊర్లో అయినా నలుగురు తిరిగి చూస్తారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసి, ఈస్ట్ ఇండియా కంపెనీని ఎదిరించి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరికంబం ఎక్కిన ఆయన ఇంటిపేరు మజ్జారి. కానీ జనం ఆయన్ని మజ్జారి నరసింహారెడ్డి అనలేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అన్నారు. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు ఒకటి ఉంది, పిలిచేవాళ్లు గుర్తుకోసం ముందు పెట్టుకున్న ఊరి పేరు ఇంకొకటి.

ఆంట్‌లో సరిగ్గా ఈ రెండూ ఉన్నాయి. ఇంపోర్ట్ అయ్యే ఫైలు తన ప్రాజెక్టు పేరును వెంట తెచ్చుకుంటుంది, అది ఇంటిపేరు. దాన్ని కాదని మెయిన్ ఫైలు "యాజ్" అనే ఆట్రిబ్యూట్‌తో వేరే ముందుపేరు పెట్టవచ్చు, అది ఉయ్యాలవాడ లాంటిది. రెండింటికీ మధ్య చుక్క వస్తుంది: "బాకీలు.శుభ్రం".

యాజ్ ఎప్పుడు అవసరం? ఇంటిపేర్లు కూడా కలిసినప్పుడు. పాత ఫైలును కాపీ కొట్టి కొత్త మాడ్యూల్ మొదలుపెట్టి, ప్రాజెక్టు పేరు మార్చకుండా వదిలేస్తే రెండు ఫైళ్లకూ ఒకే పేరు ఉంటుంది. అప్పుడు ఆంట్ డూప్లికేట్ ప్రాజెక్టు పేరు అని ఒక హెచ్చరిక ఇస్తుంది కానీ, మీదపడే వంద లైన్లలో దాన్ని చూసేదెవరు?

5. ఇంపోర్ట్ వేరు, ఇన్‌క్లూడ్ వేరు

ఇంపోర్ట్ ఆంట్ 1.6తో వచ్చింది. ఇన్‌క్లూడ్ 1.8తో వచ్చింది. తేడా మూడు ముక్కల్లో:

పేరు: ఇంపోర్ట్ చేస్తే టార్గెట్ రెండు పేర్లతో దొరుకుతుంది – ఖాళీగా ఉంటే ఉత్త పేరుతో, ఎప్పుడూ ఇంటిపేరుతో. ఇన్‌క్లూడ్ చేస్తే ఇంటిపేరుతో మాత్రమే.

డిపెండ్స్: ఇంపోర్ట్ వాటిని ముట్టుకోదు. ఇన్‌క్లూడ్ వాటిని కూడా ఇంటిపేరుతో తిరగరాస్తుంది. అంటే సభ్యులు ఫైలును ఇన్‌క్లూడ్ చేస్తే, పూర్తిబిల్డ్ డిపెండ్స్ "సభ్యులు.శుభ్రం, సభ్యులు.కంపైల్" అయిపోతుంది. ఎవరి ఇంటి పని వాళ్ల ఇంట్లోనే.

ఓవర్‌రైడ్: ఇంపోర్ట్‌లో మెయిన్ ఫైలు పాత టార్గెట్ స్థానంలో కొత్తది పెట్టవచ్చు. ఇన్‌క్లూడ్‌లో ఆ ఉద్దేశమే లేదు.

మరి గొడవంతా ఇంపోర్ట్‌తోనే కదా, దాన్ని ఎందుకు ఉంచారు? ఓవర్‌రైడ్ కావాలని కోరుకునే సందర్భాలు ఉన్నాయి కాబట్టి. నెట్‌బీన్స్ ప్రాజెక్టు ఫోల్డరులో బిల్డ్ డాట్ ఎక్స్ఎంఎల్ తెరిచి చూడండి. దాదాపు ఖాళీగా ఉంటుంది. అందులో ముఖ్యమైనది ఒకే ఒక్క ఇంపోర్ట్ లైను – ఎన్‌బీప్రాజెక్ట్ ఫోల్డరులోని బిల్డ్-ఇంప్ల్ ఫైలుది. అసలు పనంతా ఆ రెండో ఫైలులో ఉంది, అది నెట్‌బీన్స్ తనే పుట్టించుకునేది. అందులో ప్రీ-కంపైల్, పోస్ట్-జార్ లాంటి పేర్లతో కొన్ని టార్గెట్లు కావాలనే ఖాళీగా వదిలారు. "జార్ తయారయ్యాక దాన్ని ఫలానా ఫోల్డరులోకి కాపీ చెయ్యి" అని మనకు కావాలంటే, పోస్ట్-జార్ అనే అదే పేరుతో మన బిల్డ్ ఫైలులో ఒక టార్గెట్ రాస్తే చాలు. మెయిన్‌లోది గెలుస్తుంది కాబట్టి మనదే నడుస్తుంది. పుట్టించిన ఫైలును ముట్టుకోనక్కర్లేదు. పేరు కలవడం ఇక్కడ ప్రమాదం కాదు, తలుపు.

ఈ టార్గెట్ల పేర్ల ముందు ఒక చిన్న గీత ఉండటం కూడా గమనించండి. గీతతో మొదలయ్యే పేరును ఆంట్ ఒక ఆప్షన్ అనుకుంటుంది కాబట్టి కమాండ్ లైన్ నుంచి దాన్ని నేరుగా పిలవలేం. "ఇది లోపలి మనుషులకు మాత్రమే" అని చెప్పే సులువైన పద్ధతి.

కాబట్టి ఒకే సూత్రం: ఓవర్‌రైడ్ చేయాలనుకుంటే ఇంపోర్ట్, లేకపోతే ఇన్‌క్లూడ్.

6. ఇన్‌క్లూడ్ తీర్చని రెండు చిక్కులు

ఇన్‌క్లూడ్ వాడేశాం, ఇక నిశ్చింత అనుకోవద్దు. ఇంటిపేరు టార్గెట్లకు మాత్రమే వస్తుంది.

మొదటిది, ప్రాపర్టీలు. ఆంట్‌లో ప్రాపర్టీ అంటే ఒకసారి విలువ పెడితే మళ్లీ మారనిది. ముందు ఎవరు పెడితే వాళ్లదే. రెండు ఫైళ్లూ "అవుట్‌పుట్" అనే ప్రాపర్టీ పెడితే, ముందు చదివిన ఫైలు విలువే రెండింటికీ. ఇన్‌క్లూడ్ చేసినా అంతే. ఇక్కడ టార్గెట్లకు లేని మెలిక ఒకటుంది: మెయిన్ ఫైలుకు ప్రత్యేక గౌరవం ఏమీ లేదు. ఇంపోర్ట్ లైను కంటే పైన పెడితే మెయిన్ విలువ నిలుస్తుంది, కింద పెడితే లోపలి ఫైలు విలువ నిలుస్తుంది. మందు ఒకటే – ప్రాపర్టీలకు ఇంటిపేరు మనమే చేత్తో పెట్టుకోవాలి: "బాకీలు.అవుట్‌పుట్", "సభ్యులు.అవుట్‌పుట్".

రెండోది, పాత్‌లు. మన ఉదాహరణలో డేటా పోయింది పేరు గొడవ వల్ల మాత్రమే కాదు, పాత్ వల్ల కూడా. ఇన్‌క్లూడ్ చేసి "బాకీలు.శుభ్రం" అని పిలిచినా, అది మెయిన్ ఫోల్డరులోని డేటానే తీసేస్తుంది!

రిలేటివ్ పాత్ అంటే ఏంటో మా ఊరిని చూస్తే తెలుస్తుంది. నరసింహారెడ్డి కాలంలో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఊరు అంగుళం కదల్లేదు. "మన జిల్లా కలెక్టరు ఆఫీసు" అనే మాట మాత్రం మూడు వేర్వేరు ఊర్లను చూపించింది. "మన" అన్న మాట ఎక్కడినుంచి లెక్కపెడుతున్నాం అన్నదాని మీద ఆధారపడింది కాబట్టి. "డేటా" అని ఉత్తగా రాయడం కూడా "మన ఆఫీసు" అన్నట్టే.

దీనికి ఆంట్ ఇచ్చే ఉపాయం: ప్రతి ఫైలుకూ "ఆంట్.ఫైల్.ప్రాజెక్టుపేరు" అనే ప్రాపర్టీ దానంతట అదే ఏర్పడుతుంది. అందులో ఆ ఫైలు పూర్తి అడ్రసు ఉంటుంది. బాకీలు ఫైలులో "ఆంట్.ఫైల్.బాకీలు" తీసుకుని, డిర్‌నేమ్ అనే టాస్కుతో దాని ఫోల్డరు కనుక్కుని, "బాకీలు.ఫోల్డరు" అనే ప్రాపర్టీలో పెట్టుకోవాలి. తర్వాత తీసేసేది ఉత్త "డేటా" కాదు, "బాకీలు.ఫోల్డరు" లోపలి డేటా. ఇక ఆ ఫైలును ఎవరు ఎక్కడినుంచి పిలిచినా తన చెత్తనే ఊడ్చుకుంటుంది. ఒక జాగ్రత్త: ఇక్కడ పనికొచ్చేది ఫైలులో రాసిన ప్రాజెక్టు పేరు, యాజ్‌తో పెట్టిన పేరు కాదు.

7. వేరే టూల్స్‌లో ఎవరు గెలుస్తారు?

ప్రతి టూల్‌లోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: రెండు పేర్లు కలిస్తే గెలిచేదెవరు, ఓడినవాళ్ల సంగతి మనకు చెబుతారా?

మేక్: ఒకే టార్గెట్‌కు రెండు రెసిపీలు ఉంటే చివరిది గెలుస్తుంది. కానీ పాతదాన్ని వదిలేస్తున్నానని హెచ్చరిక ఇస్తుంది. ఆంట్‌కు సరిగ్గా ఉల్టా.

పైథాన్: ఇది బిల్డ్ టూల్ కాదు గానీ, రోజూ తగిలేది ఇక్కడే. వెతికే ఫోల్డర్ల వరుసలో ముందు దొరికినది గెలుస్తుంది. స్క్రిప్టు ఉన్న ఫోల్డరు ఆ వరుసలో మొదట ఉంటుంది. మీ ప్రోగ్రాముకు ర్యాండమ్ డాట్ పీవై అని పేరు పెట్టి, లోపల ర్యాండమ్‌ను ఇంపోర్ట్ చేస్తే వచ్చేది మీ ఫైలే, పైథాన్‌ది కాదు.

సీమేక్: ఎవ్వరూ గెలవరు. ఒక పేరుతో టార్గెట్ ఉండగా అదే పేరుతో ఇంకోటి పెడితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. విసుగ్గా ఉంటుంది కానీ డేటా మాత్రం మిగులుతుంది.

8. కలిపే ముందు చూసుకోవాల్సినవి

– ప్రతి బిల్డ్ ఫైలుకూ వేరే ప్రాజెక్టు పేరు ఉందా? కాపీ కొట్టిన ఫైలులో పేరు మార్చారా?
– ఓవర్‌రైడ్ ఉద్దేశం లేని చోట ఇన్‌క్లూడ్ పెట్టారా?
– శుభ్రం లాంటి అందరికీ ఉండే పేరుకు మెయిన్ ఫైలులో సొంత టార్గెట్ ఉందా? దాని డిపెండ్స్‌లో "బాకీలు.శుభ్రం, సభ్యులు.శుభ్రం" అని పూర్తి పేర్లు రాస్తే ఎవరిది ఎప్పుడు నడుస్తుందో చదివినవాళ్లకు తెలుస్తుంది.
– డిలీట్ చేసే ప్రతి లైనులో పాత్ ఎక్కడినుంచి మొదలవుతోంది?
– వెర్బోస్ ఆప్షన్‌తో ఒకసారి నడిపారా? మామూలుగా చెప్పని "ముందే ఉంది, దీన్ని వదిలేస్తున్నా" అనే మాట అందులో కనిపిస్తుంది. ఆ లైన్లు చదవాలంటే శుభ్రం నడపనక్కర్లేదు, ప్రాజెక్ట్‌హెల్ప్ ఆప్షన్‌తో కలిపి నడిపినా ఫైళ్లను చదువుతుంది, ఏ టార్గెట్‌నూ నడపదు.
– అసలు డేటాకు ఇంకో కాపీ ఉందా? పై అయిదూ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

9. మీరు చేసి చూడండి

ఒకటి: మన ఉదాహరణలో రెండు ఇంపోర్ట్ లైన్ల వరుస తారుమారు చేస్తే "ఆంట్ శుభ్రం" ఏ ఫోల్డరును తీసేస్తుంది? డేటా బతికినంత మాత్రాన ప్రాజెక్టు బాగుపడినట్టేనా?

రెండు: సభ్యులు ఫైలును ఇన్‌క్లూడ్, బాకీలు ఫైలును ఇంపోర్ట్ చేశారు. "ఆంట్ సభ్యులు.పూర్తిబిల్డ్" అంటే ఎవరి శుభ్రం నడుస్తుంది? అది ఏ ఫోల్డరులోని తాత్కాలికాన్ని తీసేస్తుంది?

మూడు: మీ ఊరి పేరుతో ఇంకా ఎన్ని ఊర్లు ఉన్నాయో వెతకండి. బయటివాళ్లు మీ ఊరిని ఏ ముందుపేరుతో గుర్తుపడతారో రాసి క్లబ్బు గ్రూపులో పెట్టండి. అది ఇంటిపేరు లాంటిదా, యాజ్ లాంటిదా కూడా చెప్పండి. మొదటి రెండింటి జవాబులూ అక్కడే మాట్లాడుకుందాం, కానీ ఖాళీ ఫోల్డర్లతో నడిపి చూశాకే రండి.